బీబీఏకి ఏ యూనివర్సిటీ? ఖమ్మం నుంచి ఒక తండ్రి ప్రశ్న

ఖమ్మం దుకాణం
ఏప్రిల్ 28, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఖమ్మంలో నాది హార్డ్‌వేర్ షాపు. మా పెద్దమ్మాయికి ఇంటర్ ఎంఈసీలో (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) 941 మార్కులు వచ్చాయి. ఇన్నాళ్లూ సీఏ చదువుతుందని అనుకున్నాం. రిజల్ట్స్ వచ్చిన రోజు సాయంత్రం "నాన్నా, నేను బీబీఏ చేస్తాను, తర్వాత ఎంబీఏ" అంది. బీబీఏ అంటే బ్యాచిలర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అట. మా చుట్టాల్లో అది చదివినవాళ్లు ఒక్కరు కూడా లేరు, ఎవరిని అడగాలో తెలియడం లేదు.

మా బావమరిది ఒక కన్సల్టెన్సీ ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ అట. ఏడాదికి ఫీజు 4 లక్షలు, హాస్టల్ 2 లక్షలు. శుక్రవారంలోగా 50 వేలు కడితే సీటు బ్లాక్ చేస్తానంటున్నాడు. లేకపోతే స్కాలర్‌షిప్ పోతుందట. బ్రోచర్‌లో 12 లక్షల ప్యాకేజీ అని ఉంది. రెండో దారి దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లలో, హైదరాబాద్ డిగ్రీ కాలేజీ.

చిన్నమ్మాయి పదో తరగతికి వచ్చింది. ఇద్దరినీ చదివించాలి. డబ్బుకి వెనకాడటం లేదు, తప్పు చోట పెడతానేమోనని భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కామర్స్ మాస్టారు
ఏప్రిల్ 28, రాత్రి 11:02

అయ్యా, ముందు ఒక్క మాట. శుక్రవారం 50 వేలు కట్టకండి. ముప్పై ఏళ్లు హన్మకొండలో కామర్స్ చెప్పినవాణ్ని, ఈ "శుక్రవారం" నాకు బాగా తెలుసు. అది దాటాక ఇంకో శుక్రవారం వస్తుంది, సీటు అక్కడే ఉంటుంది. ఒకవేళ ఇప్పటికే ఎంతో కొంత కట్టి ఉంటే రసీదు యూనివర్సిటీ పేరు మీద ఉందా, కన్సల్టెన్సీ పేరు మీద ఉందా చూడండి. యూనివర్సిటీకి కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వడానికి యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) 2018లో నిబంధనలు పెట్టింది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులో అంతకంటే ముందో మానేస్తే దాదాపు మొత్తం ఇవ్వాలి, కోత 5 వేలు దాటకూడదు. చివరి తేదీ దాటి నెల అయ్యాక మానేస్తే పైసా రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే అధికారం కూడా వాళ్లకి లేదు. ఇవన్నీ యూనివర్సిటీకి కట్టిన డబ్బుకే. మధ్యవర్తి చేతిలో పెట్టిన డబ్బు గురించి యూజీసీని అడిగి లాభం లేదు.

ఇక బీబీఏ అంటే ఏమిటి? అకౌంట్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్, హెచ్ఆర్, బిజినెస్ లా అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. బీకాంలో అకౌంట్స్, టాక్స్ లోతుగా ఉంటాయి. ఎంబీఏకి బీబీఏనే చేయాలన్న నియమం లేదు. ఏ డిగ్రీ అయినా 50 శాతం మార్కులుంటే ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాయొచ్చు. కాబట్టి ఏ కాలేజీ అని చూసేముందు అమ్మాయి బీబీఏ ఎందుకు కోరుకుంటోందో కూర్చోబెట్టి అడగండి. సీఏ వద్దనడానికి కారణం భయమా, ఇష్టం లేకపోవడమా? రెండూ ఒకటి కాదు.

అల్వాల్ నుంచి
ఏప్రిల్ 29, ఉదయం 7:40

అంకుల్, నేను గూడ గిదే గడబిడల పడ్డ ఆరేండ్ల కింద. మాది జనగామ. దోస్త్‌ల రిజిస్ట్రేషన్‌కి 200 రూపాయలు కట్టి హైదరాబాద్‌ల అటానమస్ కాలేజీ బీబీఏ తీసుకున్న. మా నాయిన "గంత చిన్న ఫీజులో ఏం చదువు చెప్తరు" అన్నడు. ఇప్పుడు యూఎస్ టాక్సేషన్‌ల పనిజేస్తున్న, మంచిగనే ఉన్న.

హైదరాబాద్‌ల మంచివి తక్కువేం లేవు. అల్వాల్ లయోలా అకాడమీ, బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ అమ్మాయిలకు, సైనిక్‌పురి భవన్స్, కాచిగూడ బద్రుకా, బషీర్‌బాగ్ నిజాం కాలేజీ. నిజాం ఉస్మానియా సొంత కాలేజీ, ఫీజు శానా తక్కువ. కొన్ని కాలేజీలు దోస్త్‌ల లేవు, సొంతంగ అడ్మిషన్లు చేస్తయి. దోస్త్ మీద ఆశ పెట్టుకుని కూసుంటే అవి అయిపోతయి. ప్రతి కాలేజీకి ఫోన్ జేసి అడగుర్రి.

ఇంకోటి. మా క్లాసుల 60 మంది ఉంటిమి. డెలాయిట్ అసొంటి కంపెనీలు వచ్చినయి, అందరిని తీసుకోలే. ఇంగ్లిష్‌ల మాట్లాడుడు, ఎక్సెల్, ఈ రెండు వచ్చినోళ్లకే దొరికినయి. కాలేజీ తలుపు తెరుస్తది, అంతే.

వైజాగ్ అమ్మ
ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1:25

అన్నయ్యగారూ, మీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. మూడేళ్ల క్రితం మేమూ ఇలాగే బ్రోచర్ చూసి మా అబ్బాయిని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీబీఏలో చేర్చాం. పేరు రాయను. మా రాష్ట్రంలోనిది కాదు.

మొదటి ఏడాది ఫీజులో 40 శాతం స్కాలర్‌షిప్ అన్నారు. అది నిలబడాలంటే ప్రతి సెమిస్టర్ 8.5 సీజీపీఏ ఉండాలన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంది, మేం చూడలేదు. మొదటి సెమిస్టర్‌లో వాడికి 8.2 వచ్చింది. రెండో ఏడాది పూర్తి ఫీజు కట్టాం. మా ఆయన పీఎఫ్ తీశారు. ఆఖరి ఏడాది ప్లేస్‌మెంట్‌లో వచ్చినవి ఎక్కువ సేల్స్ ఉద్యోగాలు, ఇంటింటికీ తిరిగి కోర్సులు అమ్మేవి. బ్రోచర్‌లో వేసిన పెద్ద ప్యాకేజీ ఎంబీఏ విద్యార్థిది అని అప్పుడు తెలిసింది. క్యాంపస్ ఒకటే, ఫొటో ఒకటే, కోర్సు వేరు.

మా వాడు తెలివైనవాడే. ఇప్పుడు క్యాట్‌కి చదువుతున్నాడు. కానీ ఎంబీఏకి పెట్టడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు, అప్పు చేయాల్సిందే. నన్ను బాధపెట్టేది అదే. స్కాలర్‌షిప్ ఎన్నేళ్లు, ఏ షరతు మీద అనేది కాగితం మీద రాయించుకోండి.

గచ్చిబౌలి హెచ్ఆర్
ఏప్రిల్ 29, రాత్రి 8:50

వైజాగ్ అమ్మగారి బాధ అర్థమవుతుంది. కానీ ప్రైవేటు యూనివర్సిటీలన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. పదకొండేళ్లుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను. మంచి ప్రైవేటు క్యాంపస్ నుంచి వచ్చిన పిల్లలు కేస్ (ఒక కంపెనీ సమస్య) ఇస్తే నలుగురిలో నిలబడి మాట్లాడతారు, ప్రాజెక్టు అంటే భయపడరు. మామూలు డిగ్రీ కాలేజీల నుంచి మార్కులు బాగా వచ్చినవాళ్లు కూడా రెండు వాక్యాలు చెప్పి ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. క్రైస్ట్, సింబయాసిస్, ఎన్‌ఎంఐఎంఎస్ లాంటివి ఊరికే పేరు తెచ్చుకోలేదు. దగ్గర్లో గీతం ఉంది, ఇక్ఫాయ్ ఉంది, మహీంద్రా ఉంది. వెళ్లి చూడండి, అమ్మాయిని కూడా తీసుకెళ్లండి.

కామర్స్ మాస్టారు
ఏప్రిల్ 29, రాత్రి 9:30

హెచ్ఆర్ గారు చెప్పింది నిజమే, మా పిల్లలకు మాట్లాడటం మేం సరిగ్గా నేర్పలేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ మాటకి మూడేళ్లలో 18 లక్షలు విలువ కట్టాలా అన్నదే నా ప్రశ్న.

ఖమ్మం గారూ, మీకో పని చెబుతాను. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం కాలేజీలకు, యూనివర్సిటీలకు ఇచ్చే ర్యాంకులు) వెబ్‌సైట్‌లో ర్యాంకు పట్టికను పక్కన పెట్టి, ఆ సంస్థ స్వయంగా ఇచ్చిన లెక్కల కాగితం తెరవండి. అందులో మూడేళ్ల డిగ్రీలకు విడిగా ఒక పట్టిక ఉంటుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, మీడియన్ జీతం ఎంత. మీడియన్ అంటే ఉద్యోగం వచ్చిన వందమందిని జీతం ప్రకారం వరుసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్ల జీతం. బ్రోచర్‌లో ఉండేది వరుసలో మొదట నిలబడ్డ పిల్లది. మీ అమ్మాయి మొదట నిలబడొచ్చు, నిలబడాలనే నా ఆశీర్వాదం, కానీ డబ్బు పెట్టేటప్పుడు మధ్యలోని పిల్లను చూసి పెట్టాలి.

ఆ పట్టికలో బీబీఏ, బీకాం, బీఏ అన్నీ కలిసి ఉంటాయి, అది గుర్తుపెట్టుకోండి. అలాగే మేనేజ్‌మెంట్ ర్యాంకుల జాబితాలో పైన ఉండేవి ఐఐఎంలు, అక్కడ లెక్కకొచ్చేది ఎక్కువగా ఎంబీఏ. దాన్ని చూసి ఫలానా చోట బీబీఏ గొప్పదని అనుకోకూడదు.

బ్యాంకు బాబాయ్
ఏప్రిల్ 30, ఉదయం 6:55

విద్యారుణాల డెస్క్‌లో తొమ్మిదేళ్లు చేశాను. లెక్క చెబుతాను, కాగితం తీసుకోండి.

హాస్టల్ మీరు చేతినుంచి కట్టుకుని, ఫీజు మాత్రం ఏటా 4 లక్షల చొప్పున 12 లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం. చదువు మూడేళ్లు, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టక్కర్లేదు, కానీ వడ్డీ ఆగదు. మొదటి ఏడాది 4 లక్షల మీద నాలుగేళ్లు, రెండో దాని మీద మూడేళ్లు, మూడో దాని మీద రెండేళ్లు. బారువడ్డీ లెక్క వేసినా 3 లక్షల 60 వేలు. అంటే వాయిదాలు మొదలయ్యే రోజుకి అప్పు 15 లక్షల 60 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 20 వేలు దాటుతుంది. మొదటి ఉద్యోగంలో చేతికి 25 వేలు వచ్చే పిల్ల ఎలా కడుతుంది? నాన్నే కడతాడు. నా కౌంటర్ ముందు నిలబడి కట్టిన నాన్నలను చాలామందిని చూశాను.

7.5 లక్షలు దాటిన అప్పుకి మామూలుగా ఇంటి కాగితాలు అడుగుతారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద అయితే హామీ, పూచీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా అప్పు మీద, వాయిదాలు మొదలయ్యే వరకు, 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కానీ అది అన్ని సంస్థలకూ కాదు. జాబితాలో మీ యూనివర్సిటీ ఉందో లేదో పోర్టల్‌లో చూశాకే మాట్లాడండి, కన్సల్టెన్సీ ఆయన మాట మీద కాదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి కూడా. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మీకు వర్తించకపోవచ్చు. ప్రైవేటు యూనివర్సిటీలో అయితే దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఎంఈసీ అమ్మాయి
ఏప్రిల్ 30, రాత్రి 9:10

నమస్తే అండీ. ఖమ్మం దుకాణం మా నాన్న. నాన్న ఫోన్‌లో ఇది చదివి నాకూ అకౌంట్ తెరిచారు.

మాస్టారు అడిగినదానికి జవాబు. సీఏ అంటే భయం లేదు. ఫౌండేషన్ పుస్తకాలు తెచ్చుకుని రెండు నెలలు చదివాను కూడా. నాకు నచ్చింది షాపులో కూర్చోవడం. నాన్న ప్రతి ఎండాకాలం పెయింట్ డబ్బాలు ఎక్కువ తెప్పిస్తారు, వానలు పడగానే అవి మిగిలిపోతాయి. రెండేళ్ల బిల్లులు ఒక పుస్తకంలో రాసి, ఏ రంగు ఏ నెలలో పోతుందో చూసి, పోయినసారి ఆర్డర్ నేను రాశాను. ఈసారి మిగిలినవి తక్కువ. నాకు ఆ పని చదవాలని ఉంది. దాన్ని ఏమంటారో తెలియక బీబీఏ అన్నాను.

ఇంకో విషయం నాన్నకి నిన్ననే చెప్పాను. మార్చిలో మా లెక్చరర్ చెప్తే సీయూఈటీకి, అంటే సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశ పరీక్షకి, అప్లై చేశాను. ఇంగ్లిష్, మ్యాథ్స్, జనరల్ టెస్ట్. వస్తుందో రాదో తెలియక ఇంట్లో చెప్పలేదు.

రోహిణి మెట్రో
ఏప్రిల్ 30, రాత్రి 10:35

అమ్మా, మంచి పని చేశావు. మాది నెల్లూరు, ఢిల్లీ యూనివర్సిటీలో రెండో ఏడాది. ఇక్కడ బీబీఏ లాంటి డిగ్రీ బీఎంఎస్ (బ్యాచిలర్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్), దానికి కావాల్సింది సరిగ్గా ఆ మూడు పేపర్లే, మ్యాథ్స్ లేకపోతే దారి మూసుకుపోతుంది. ఇక్కడ బిజినెస్ డిగ్రీకి ముందు చెప్పుకునేది రోహిణిలోని షహీద్ సుఖ్‌దేవ్ కాలేజ్ ఆఫ్ బిజినెస్ స్టడీస్. ఎస్‌ఆర్‌సీసీలో (శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్) బీబీఏ ఉండదు, బీకాం ఆనర్స్, ఎకనామిక్స్ ఉంటాయి. చాలామంది మనవాళ్లు ఈ తేడా తెలియక అడుగుతుంటారు.

ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ఖర్చంతా ఉండటానికి. హాస్టల్ సీట్లు అందరికీ రావు, బయట పీజీలో ఉండాలి. చలికాలం గాలి బాగోదు, మొదటి డిసెంబరు నాకు దగ్గు తగ్గలేదు. పచ్చడి సీసా అయిపోయిన రోజు ఏడ్చాను కూడా. కానీ క్లాసులో పక్కన కూర్చునేవాళ్ల దగ్గర నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకునేదాన్ని కాదు.

కష్టం ఏంటంటే సీయూఈటీ ఫలితాలు వచ్చి సీట్లు ఇచ్చేసరికి జులై, ఆగస్టు అవుతుంది. అప్పటికి హైదరాబాద్ కాలేజీలన్నీ నిండిపోతాయి. కాబట్టి అక్కడ ఒక సీటు తీసుకుని ఉంచుకో. మాస్టారు చెప్పిన ఫీజు వాపసు నిబంధన అప్పుడు పనికొస్తుంది.

ఇండోర్ ఐపీఎం
మే 1, మధ్యాహ్నం 3:20

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఇంటర్ తర్వాత నేరుగా ఐఐఎంలో చేరే దారి ఉంది. ఐఐఎం ఇండోర్ 2011లో ఐదేళ్ల ఐపీఎం (డిగ్రీ, ఎంబీఏ కలిపిన కోర్సు) మొదలుపెట్టింది. తర్వాత రోహ్‌తక్, రాంచీ, జమ్మూ, బోధ్‌గయ వచ్చాయి. ఇండోర్, రోహ్‌తక్ పరీక్షలు వేరువేరు, జమ్మూ, బోధ్‌గయలకు జిప్‌మ్యాట్ అనే పరీక్ష. ఇండోర్‌లో మూడేళ్ల తర్వాత డిగ్రీతో బయటికి రావచ్చు. లెక్కలు గట్టిగా ఉండాలి, ఎంఈసీ పిల్లలకు అందేదే.

కానీ ఈ ఏడాది అప్లికేషన్ల గడువు అయిపోయి ఉంటుంది. ఫీజు కూడా చిన్నది కాదు, మాది అప్పు మీదే నడుస్తోంది. దీనికోసం ఏడాది ఆగమని నేను చెప్పను. మన దగ్గర ఎంఈసీ పిల్లలకు ఇంటర్ రెండేళ్లలో ఈ మాట ఒక్కరు కూడా చెప్పరు, అందుకే రాస్తున్నాను. మీ చిన్నమ్మాయికి మాత్రం ఇప్పుడే చెప్పి ఉంచండి.

కామర్స్ మాస్టారు
మే 1, సాయంత్రం 6:05

పెయింట్ డబ్బాల సంగతి రెండుసార్లు చదివాను. అమ్మా, నువ్వు చేసిన దాన్ని ఆపరేషన్స్ అంటారు, డిమాండ్ అంచనా అంటారు. స్టాటిస్టిక్స్ బాగా చెప్పే చోట చేరు. బీబీఏలో బిజినెస్ అనలిటిక్స్ ఉందంటే ఆ పేరు చూసి మురిసిపోకు, ఆ సబ్జెక్టు చెప్పేది ఎవరు, వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు అని అడుగు. ఖమ్మం గారూ, 2024-25 నుంచి యూనివర్సిటీల అనుబంధ కాలేజీల్లో బీబీఏ నడపాలంటే ఏఐసీటీఈ (సాంకేతిక, మేనేజ్‌మెంట్ చదువులను చూసే కేంద్ర సంస్థ) అనుమతి కావాలి. అదీ అడగండి.

ఖమ్మం దుకాణం
మే 11, రాత్రి 10:40

రెండు రోజులు షాపు తమ్ముడికి అప్పగించి అమ్మాయితో హైదరాబాద్ వెళ్లొచ్చాను. వివరంగా రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

ముందు ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్లాం. భవనాలు నిజంగా బాగున్నాయి. అడ్మిషన్ల గదిలో కాఫీ ఇచ్చారు. మాస్టారు చెప్పినట్టు బీబీఏ వాళ్లకి మాత్రమే మీడియన్ జీతం ఎంత అని అడిగాను. ఆ అమ్మాయి "హయ్యెస్ట్ 12 లక్షలు సార్" అంది. మళ్లీ అడిగాను. పై అధికారిని పిలిచారు. ఆయన "మా బీబీఏ బ్యాచ్‌లు ఇంకా కొత్తవి, ఆ లెక్క తయారవుతోంది" అన్నారు. అబద్ధం చెప్పలేదు, అందుకు సంతోషమే. 12 లక్షలు ఎంబీఏదేనా అంటే అవునన్నారు. స్కాలర్‌షిప్ షరతు కాగితం అడిగితే మెయిల్ చేస్తామన్నారు. ఇంతవరకు రాలేదు.

తర్వాత రెండు డిగ్రీ కాలేజీలు చూశాం. ఒకచోట మమ్మల్ని గేటు దగ్గరే ఆపి, అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నారు. రెండో చోట కామర్స్ విభాగం మేడమ్ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. కంప్యూటర్ ల్యాబ్ చూపించారు, పాతదే, కానీ పిల్లలు కూర్చుని పని చేస్తున్నారు. మా అమ్మాయి క్యాంటీన్‌లో ఫైనలియర్ వాళ్ల దగ్గరికి వెళ్లి పావుగంట మాట్లాడింది. నేను దూరంగా కూర్చున్నాను. వాళ్లు చెప్పింది ఇదీ: తరగతిలో సగం మందికి పైగా ఉద్యోగాలు వచ్చాయి, ఎక్కువగా ఏడాదికి 3 నుంచి 4 లక్షలవి. ఒక సార్ స్టాటిస్టిక్స్ చాలా బాగా చెబుతారు, మార్కెటింగ్ మాత్రం మేమే చదువుకున్నాం, అని. ఇలా మంచీ చెడూ రెండూ చెప్పారు కాబట్టి నాకు నమ్మకం కలిగింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మాయి అంది, "నాన్నా, 18 లక్షలు డిగ్రీకే అయిపోతే ఎంబీఏకి ఏం పెడతావు?" అని. వైజాగ్ చెల్లెమ్మ రాసింది దానికి బాగా పట్టింది. కన్సల్టెన్సీ ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. మా బావమరిది రెండు రోజులు మాట్లాడలేదు.

వైజాగ్ అమ్మ
మే 12, ఉదయం 9:15

మంచి నిర్ణయం అన్నయ్యగారూ. బావమరిదిగారి సంగతి పండగకి సర్దుకుంటుంది. హాస్టల్ మాత్రం మీరు స్వయంగా ఒక పూట భోజనం చేసి చూడండి, మేం అది చేయలేదు.

గచ్చిబౌలి హెచ్ఆర్
మే 12, ఉదయం 11:30

నా మాట వెనక్కి తీసుకోను, కానీ మీరు అడిగిన తీరు నాకు నచ్చింది. అమ్మాయికి ఒక సలహా. మొదటి ఏడాది నుంచే ఎండాకాలం సెలవుల్లో ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చెయ్యి. పెద్ద కంపెనీ అక్కర్లేదు. ఆ పెయింట్ డబ్బాల పుస్తకం పారేయకు, ఇంటర్వ్యూలో దాని గురించే చెప్పు.

ఖమ్మం దుకాణం
జులై 19, రాత్రి 9:50

చివరి సంగతి చెప్పాలి కదా. దోస్త్‌లో అనుకున్న కాలేజీ వచ్చింది, బీబీఏలో చేర్పించాం. సీయూఈటీ మార్కులు వచ్చాయి. ఇంగ్లిష్, జనరల్ టెస్ట్ బాగా రాసింది, మ్యాథ్స్ తగ్గింది. సుఖ్‌దేవ్ కాలేజీ బీఎంఎస్‌కి ఆ మార్కులు చాలవని రోహిణి మెట్రో అమ్మాయి చూసి చెప్పింది. మా అమ్మాయి రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు తనే వచ్చి ఐఐఎంలలో క్యాట్ స్కోరుతో పాటు డిగ్రీ మార్కులు కూడా చూస్తారట కదా అని అడిగింది. హాస్టల్‌లో భోజనం చేశాను. పప్పు పలుచగా ఉంది, కూర బాగుంది.

నల్గొండ తండ్రి
జులై 20, ఉదయం 8:05

అన్నా, మొత్తం చదివాను. మా బాబు సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), వచ్చే ఏడాది ఇంటర్ అయిపోతుంది. వాడు కూడా బీబీఏ అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖమ్మం దుకాణం
జులై 20, రాత్రి 10:20

తమ్ముడూ, సీఈసీలో మ్యాథ్స్ ఉండదు కాబట్టి ఢిల్లీ బీఎంఎస్ కుదరదు. ఆ ఆశ ఇప్పుడే తీసేయండి, తర్వాత బాధపడక్కర్లేదు. హైదరాబాద్‌లో చాలా కాలేజీల్లో బీబీఏకి ఇబ్బంది లేదు, కాలేజీకి ఫోన్ చేసి మాత్రం అడగండి. డిసెంబరు నుంచే సీయూఈటీ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి, మేం ఇంట్లో ఎవరికీ తెలియకుండా మార్చిదాకా వచ్చాం. హైదరాబాద్ వచ్చే రోజు ముందే చెప్పండి. మా అమ్మాయి అక్కడే ఉంటుంది, మీ బాబుని క్యాంటీన్‌కి తీసుకెళ్లి ఫైనలియర్ వాళ్లతో మాట్లాడిస్తుంది.